మొదటి వాన కేక

మా గల్లీలో వానాకాలం వచ్చిందని చెప్పేది టీవీ కాదు, మా అత్త గవరమ్మ. ఆకాశం ఎంత నల్లబడనీ, ఎన్ని ఉరుములు ఉరమనీ, ఆవిడ అరుగు మీదికొచ్చి రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుని "ఒగ్గీండర్రా!" అని కేకేస్తే తప్ప అది మాకు మొదటి వాన కాదు.

ఆ కేక కోసం గల్లీ అంతా వేసవి పొడుగునా డబ్బాలు నింపుకుంటుంది. పోర్ట్ బ్లెయిర్‌లో వేసవంటే చుట్టూ సముద్రం, కుళాయిలో గాలి. మూడు నాలుగు రోజులకోసారి వచ్చే నీళ్లు తాగడానికీ వండుకోవడానికీ సరిపోతే గొప్ప. ఇక కడగడానికి ఎక్కడివి? అందుకని మురికంతా దాస్తాం. ట్యాంకు అడుగున తీసిన మడ్డి, సున్నం బకెట్లలో మిగిలింది, రంగుల బ్రష్షులు ముంచిన కిరసనాయిలు, దేముడమ్మ టిఫిన్ బండిలో బోండాలు వేయించగా నల్లబడ్డ నూనె, కొండ మీద మా ఆయన ధనరాజు గ్యారేజీలో స్కూటర్ల నుంచి దించిన పాత ఆయిలు, అన్నీ నాలా గట్టున వరసగా పెట్టుకుని కూర్చుంటాం. వాన దంచి, కొండ మీంచి నీళ్లు దిగి, నాలా నిండగానే అత్త ఒగ్గీమని, అంటే వదిలెయ్యమని, కేక వేస్తుంది. డబ్బాలన్నీ ఒక్కసారి బోర్లిస్తాం. నాలా నల్లగా జిడ్డుగా మెరుస్తూ కిందికి పోతుంది. గల్లీ శుభ్రపడుతుంది. దేముడమ్మ కొత్త నూనె పోసి ఉల్లిపాయ బజ్జీలు వేస్తుంది. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, మా గల్లీకి అది పండగే.

ఈ పండగలో మా అత్తకి ఒక పట్టింపు ఉంది. సముద్రం నీళ్లని ఒడ్డుకి తోసే వేళని పోటు అంటారు మావాళ్లు, వెనక్కి లాక్కునే వేళని పాటు అంటారు. వాన పోటులో వస్తే ఎవరూ డబ్బా ముట్టకూడదు. పాటు తిరిగేదాకా ఎంత వానైనా తడుస్తూ నిలబడాల్సిందే. పాటులో వదిలితే సముద్రం పట్టుకుపోతుంది, పోటులో వదిలితే మన మొహానే కొడుతుంది అని ఆవిడ లెక్క. మా మామ బతికున్నన్నాళ్లూ పడవ దింపింది ఆవిడ చెప్పిన వేళకే. అలాంటి మనిషి మాట గల్లీలో ఎవరు కాదంటారు?

నిరుడు ఆ పండగ అయిన మర్నాడే మా మరిది నాగబాబు పీతలన్నీ చచ్చిపోయాయి.

మా కొండ కింద, నాలా పోయి కలిసే చోట ఒక ఖాడీ ఉంది, చిన్న సముద్రపు పాయ. దానిలో వెదురు దడి కట్టి నాగబాబు మండపీతలు పెంచుతాడు. ఒళ్లు మెత్తగా ఉన్న పీతల్ని కొనుక్కొచ్చి, చిరుచేపలు మేపి, గట్టిపడ్డాక హోటళ్లకి ఇస్తాడు. అన్నేళ్లు ఒకరి డోంగీ పడవ మీద వల లాగిన కుర్రాడికి అది తనదంటూ మొదటి పని. పొద్దున్నే లేచి దడి దగ్గరికి వెళ్లి పీతలతో మాట్లాడతాడని గల్లీలో ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు. అవన్నీ తెల్లపొట్టలు పైకి పెట్టి తేలితే ఒకరు జబ్బన్నారు, ఒకరు ఎండ దెబ్బన్నారు. మా అత్త దిష్టి అంది.

ఈ ఏడు అతను మళ్లీ మొదలుపెట్టాడు. అత్త స్వయంగా నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి దడికి కట్టించింది. నాగబాబు కట్టించుకుని, అన్నం దగ్గర కూర్చున్నాక చెప్పాడు.

"అమ్మా, ఈసారి గాని పోయాయంటే నేను కాంట్రాక్టర్ గణేశ్వరరావు గారితో ఉత్తరాన డిగ్లీపూర్ రోడ్డు పనికి పోతాను. అడిగాను, రమ్మన్నారు. ఇంక ఖాడీ మొహం చూడను."

మా అత్త కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. నాకు ఒళ్లు మండింది, ఆవిడ మీద కాదు, ఆ పీతల్ని చంపిందేదో దాని మీద.

*

మార్చిలో బిశ్వాస్ సార్ వచ్చి నా కుట్టుమిషను ముందు నిలబడ్డాడు. నీళ్ల పొదుపు, నాలాల శుభ్రం అని మునిసిపల్ ఆఫీసు వాళ్లు ప్రచారం మొదలుపెట్టారు, ఆయన దానికి ఇంజినీరు. చంకలో పోస్టర్ల చుట్ట, చేతిలో నీలం టోపీ.

"పద్మినీ దీదీ, ఈ గల్లీకి వాలంటీర్ కావాలి. ఎవర్నడిగినా మీ పేరే చెప్తున్నారు," అన్నాడు హిందీలో.

"నా పేరెందుకట?"

"ఆవాజ్ బడీ హై, అంటున్నారు."

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. గొంతు పెద్దదే, కాదనను. కొండ మీద గ్యారేజీలో ఉన్న మొగుణ్ణి అన్నానికి పిలవడానికి నాకు ఫోను అక్కర్లేదు. టోపీ తీసుకుని పెట్టుకున్నాను. పని ఒప్పుకున్నాక అయ్యేదాకా నిద్రపట్టదు నాకు.

చెప్పాల్సినవి మూడే మాటలు. కుళాయి వచ్చిన రోజు ట్యాంకు పొర్లనివ్వద్దు, వానొస్తే చూరు నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోండి. నాలాలో నూనెలూ రంగులూ పొయ్యద్దు. పోస్టర్ల మీద నీటి చుక్క ఒకటి పళ్లు బయటపెట్టి నవ్వుతోంది, కింద హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాత. మా గల్లీలో పెద్దవాళ్లు ఆ రెండూ చదవరు, పిల్లలేమో తెలుగు చదవరు. కాబట్టి అదంతా నా నోటి పనే అయింది.

ఇల్లిల్లూ తిరిగాను. అందరూ "అలాగలాగే" అన్నారు. పోస్టర్లు భద్రంగా తీసుకుని కిటికీ పగుళ్ల మీద అంటించుకున్నారు. పాత నేత చీరలు చింపి, అంచుకి ఎలాస్టిక్ వేసి, వాన నీళ్లు వడగట్టుకోమని డ్రమ్ములకి గుడ్డ మూతలు కుట్టి ఇంటికొకటి ఇచ్చాను. దేముడమ్మ దాన్ని శనగపిండి జల్లించడానికి వాడుకుంది.

"భలే ఉంది వదినా, ఇంకోటియ్యవా?" అని అడిగింది పైగా.

బిశ్వాస్ సార్ పాత నూనెలు పోసుకోమని గల్లీ మొగలో ఒక పసుపురంగు డ్రమ్ము పెట్టించాడు. నిండితే ఫోను చెయ్యండి, బండి పంపుతాను అన్నాడు. ఏప్రిల్ దాకా అందులో పడింది ఒక తెగిన చెప్పు.

దేముడమ్మని నడివీధిలో పట్టుకుని అడిగాను, "నీ నూనె డబ్బా ఇంకా నాలా గట్టునే ఉందేం?"

ఆవిడ ఊరుకుంటుందా. నడుం మీద చెయ్యేసుకుని, "ఓలమ్మ, నాది డబ్బాడు. మీ ఆయనది డ్రమ్ముడు! ఊరికి సెప్పడం కాదు, ముందు మీ గ్యారేజీ ఎనక్కెల్లి సూడు," అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. తల కొట్టేసినట్టయింది.

తిన్నగా గ్యారేజీకి పోయాను. ధనరాజు స్కూటర్ కింద పడుకుని ఉన్నాడు.

"ఏమయ్యా, నా పరువు ఉంచదల్చుకున్నావా లేదా? ఆ ఆయిలు తీసుకెళ్లి పసుపు డ్రమ్ములో పొయ్యి."

అతను కిందనుంచే, "నాకేం పద్దూ, ఇప్పుడే పోస్తాను. మరి అమ్మ?" అన్నాడు.

"అమ్మకేం?"

స్కూటర్ కింది నుంచి జరిగి లేచి కూర్చున్నాడు. "అమ్మ వద్దంటే గల్లీలో ఒక్కడు చుక్క పొయ్యడు. అమ్మ ఒగ్గీమంటే నీ టోపీ మాట ఒక్కడు వినడు. ఆఖరికి నేనూ వినను, అమ్మ కేకేస్తే నా చెయ్యి దానంతటదే డ్రమ్ము మీదికి పోద్ది. నువ్వు ఇల్లిల్లూ తిరగడం దండగ. మనింట్లో తిరుగు చాలు."

చెప్పింది నిజమే. అందుకే ఇంకా కోపమొచ్చింది.

అత్త అరుగు మీద కూర్చుని నెత్తళ్ల చేపలు బాగుచేస్తోంది. పక్కన కూర్చుని నేనూ నాలుగు చేతిలోకి తీసుకున్నాను.

"అత్తా, ఈసారి వానకి ఒగ్గమనకు."

ఆవిడ తలెత్తి టోపీని చూసింది. "ఏటే, అది నెత్తిన ఎట్టుకుంటే సముద్రం నీకు సుట్టమైపోనాదేటి?"

"నవ్వులాట కాదత్తా. ఆ నూనెలన్నీ నీళ్లలో కలిసి..."

"నాను పాటు సూసే ఒగ్గమంతాను. పోటులో ఒక్క సుక్క ఒగ్గనిచ్చినానా? అడుగు, ఎవుల్నైనా అడుగు. నిరుడు పొద్దుటేల వానొస్తే మజ్జానం దాకా అందర్నీ నిలబెట్టినాను. తడిసి దగ్గులొచ్చి నన్ను తిట్టుకున్నారు. పాటు తిరిగినాకే ఒగ్గించినాను. అంత సముద్రానికి మన డబ్బాలు ఓ లెక్కేటి?"

వాలంటీర్లకి చెప్పిన పాఠంలో పోటూ పాటూ లేవు. నెత్తళ్లు బాగుచేసి, చేతులు కడుక్కుని లోపలికి పోయాను. ఉన్న నీళ్లలో సగం ఆ వాసనకే అయిపోయాయి.

*

ఏప్రిల్ ఎండలో ఒక మధ్యాహ్నం నాగబాబుకి అన్నం పట్టుకుని ఖాడీకి దిగాను. పెద్ద పాటు నడుస్తోంది. రోడ్డు మీంచి చూస్తే అటువైపు సముద్రం ఎక్కడికో వెళ్లిపోయింది, బురదా రాళ్లూ బయటపడ్డాయి, కొంగలు తిరుగుతున్నాయి. ఇటు తిరిగి చూస్తే నాగబాబు దడిలో నిలబడి ఉన్నాడు, మోకాళ్లు మునిగేంత నీళ్లు.

"ఇక్కడ నీళ్లు పోలేదేం?" అన్నాను.

"ఎక్కడికి పోతాయి వదినా? రోడ్డు పెద్దది చేసినప్పుడు కల్వర్టు కట్టారు కదా, దాని అడుగు ఎత్తు. ఆ ఎత్తు దాకా నీళ్లు పోయి ఆగిపోతాయి. అందుకే కదా ఈ జాగా పట్టాను. ఎంత పాటైనా పీతలకి ఇబ్బంది ఉండదు. బఢియా జాగా." అతని మొహం వెలిగింది. ఒక పీతని వెనక నుంచి ఒడుపుగా పట్టి పైకెత్తి చూపించాడు. "చూడు, ఎలా గట్టిపడిందో. ఇంకో నెలాగితే దీని డెక్క నీ చెయ్యంత."

నేను పీతని చూడలేదు. దడికి ఎగువన నాలా నోరు కనిపిస్తోంది, ఎండిపోయి, నిరుటి నూనె మరకలు రాళ్ల మీద ఇంకా నల్లగా ఉన్నాయి. అక్కడి నుంచి దడి దాకా, దడి నుంచి కల్వర్టు దాకా చూపు తిప్పాను. మళ్లీ వెనక్కి తిప్పాను.

"నాగబాబూ, మన నాలా నీళ్లు ఎక్కడికెళ్తాయి?"

"సముద్రంలోకి."

"ఎటునుంచి?"

అతను నాలా వైపు చూశాడు. తర్వాత తన మోకాళ్ల చుట్టూ ఉన్న నీళ్లని చూశాడు. పీతని మెల్లిగా నీళ్లలోకి వదిలేశాడు.

"అంటే అమ్మ..." అన్నాడు.

"ఊరుకో."

"ఊరుకోవడమేంటి వదినా! నా కూడు నా ఇంటోళ్లే..."

"ఊరుకో అన్నానా! ఆవిడ కావాలని చేసిందా? నీకోసం నిమ్మకాయలు కట్టిన మనిషి. ఈ కల్వర్టు వచ్చాక మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఖాడీకి దిగిందెప్పుడు? నువ్వు అరిస్తే ఆవిడ అరుస్తుంది, నువ్వు డిగ్లీపూర్ బస్సెక్కుతావు, నాలా అలాగే ఉంటుంది. ఇది నాకొదిలెయ్యి."

నా నోటి నుంచి ఊరుకోమన్న మాట విని అతను నిజంగానే ఊరుకున్నాడు. జీవితంలో అరవకుండా ఒక పని చెయ్యాలని నేననుకున్నది అదే మొదటిసారి.

*

మా అత్తకి చెప్తే వినదు, చూస్తే ఒప్పుకుంటుంది. అయితే చూపించడానికి నాలాలో నీళ్లు పారాలి, వానేమో లేదు. ఉన్న నీళ్లు పారబోస్తే గల్లీ నన్నే నాలాలో పారేస్తుంది. రెండు రోజులు ఆలోచించాను. మూడోరోజు కుళాయి వచ్చింది, నా బుర్ర వెలిగింది. ట్యాంకులు చిన్నవి, నిండాక కుళాయి కట్టే ధ్యాస ఎవరికీ ఉండదు, అందుకే కుళాయి రోజున ఇంటింటి ట్యాంకూ పొర్లుతుంది. ఆపండర్రా అని నేను గొంతు చించుకున్న ఆ పొర్లే నీళ్లే నాలాలో పిల్లకాలువలా పారుతున్నాయి. ఎవరూ నా మాట విననందుకు మొదటిసారి సంతోషించాను.

దేముడమ్మ దగ్గరికి వెళ్లి జిలేబీలో వేసే కేసరి రంగు ఉన్నదంతా ఇమ్మన్నాను.

"అంతా? జిలేబి బండి ఎట్టేస్తన్నావేటి నాకు పోటీగా?"

"ఇయ్యి ముందు, తర్వాత చెప్తాను."

నాగబాబు మాత్రం వెంటబడి అడిగాడు. "పీతలకేం కాదు కదా వదినా?"

"జిలేబీలు తిని మనం చచ్చామా?"

అత్తని మాత్రం వేళే అడిగాను. "అత్తా, వచ్చే కుళాయి రోజు పాటెప్పుడు?" ఆవిడ వేళ్లు మడిచి లెక్కేసి, మధ్యాహ్నం భోజనాలు దాటాక అని చెప్పింది. దేనికని అడిగింది. ఖాడీ దాకా రా, చూపిస్తాను అన్నాను. కొడుకు పీతలు చూడమంటున్నాననుకుని సంబరంగా ఆటో ఎక్కింది.

కల్వర్టు మీద ప్లాస్టిక్ స్టూలు వేసి కూర్చోబెట్టాను. ఒకపక్క సముద్రం మెల్లిగా వెనక్కి జరుగుతోంది. ఇంకోపక్క నాగబాబు దడి. నిమ్మకాయలు ఎండి నల్లబడి వేలాడుతున్నాయి. కాసేపటికి నాలా నోట్లో నీళ్లు కనిపించాయి, గల్లీలో ట్యాంకులు పొర్లుతున్నాయన్నమాట. పైన ధనరాజు నేను చెప్పినట్టే రంగంతా నాలాలో కలిపేశాడు.

కేసరి రంగు వచ్చింది. రాళ్ల మీంచి జారి, ఖాడీలో దిగి, మెల్లిగా విచ్చుకుంటూ దడిలోకి పోయింది.

"ఏటిది? పసుపూ కుంకం కలిపినారేటి?" అంది అత్త.

"జిలేబి రంగు. మనింటి దగ్గర ఒగ్గించాను. పాటులోనే, నువ్వు చెప్పిన వేళకే."

ఆవిడ నవ్వింది. "సూడిప్పుడు ఎలా అట్టుకుపోద్దో."

చూస్తూ కూర్చున్నాం. అటువైపు సముద్రం జరిగి జరిగి బురద తేలింది. కల్వర్టు కింద నీటి జాడ సన్నబడి, ఆగిపోయింది. ఇటువైపు దడి నిండా కేసరి నీళ్లు కదలకుండా నిలబడ్డాయి. నాగబాబు ఆ నీళ్లలో నిలబడి తల్లి వైపు చూడకుండా దడి వెదుళ్లు సర్దుతున్నాడు. అతని పంచె అంచుకి రంగు అంటింది.

అత్త నవ్వు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. ఆవిడ స్టూలు మీద ముందుకి వంగి, ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసింది. సముద్రం సంగతి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"పాటులోనే ఇక్కడ నీరు తక్కువ," అంది చివరికి, తనలో తనే అనుకున్నట్టు.

పాటు కోసం గల్లీని గంటలకొద్దీ తడిపి మరీ, నీళ్లు తక్కువున్న వేళ చూసి మరీ, కొడుకు దడిలోకి వంపించింది తనేనని ఆవిడకి అర్థమైంది. అత్తా నీ తప్పు కాదు అని అనాలనిపించింది. అంటే ఆవిడ ఏడుస్తుందేమోనని భయమేసి ఊరుకున్నాను.

"ఒరే నాగా, ఆ నిమ్మకాయలిలా తే," అంది అత్త.

అతను తాడు విప్పి తెచ్చి ఇచ్చాడు. ఆవిడ దాన్ని చీర కొంగున కట్టుకుంది. "సెప్పులేవే నావి? ఇంటికి పోదాం," అంది నాతో.

ఇంటికొచ్చాక అత్త ఆ సంగతి ఎత్తలేదు. ఒకరోజు గడిచింది, వారం గడిచింది. ఒగ్గమంటుందో వద్దంటుందో నాకు తెలియదు. అడగడానికి నోరు రాలేదు, నాకు! ధనరాజు కూడా ఆయిలు డ్రమ్ము కదపలేదు. గల్లీలో డబ్బాలు పెరుగుతూనే ఉన్నాయి. నాగబాబు గణేశ్వరరావు గారికి ఫోను చేసి, వానలు మొదలయ్యాక వస్తానో రానో చెప్తానన్నాడు. ఆ మాట నేను విన్నాను, పక్కగదిలో ఉన్న అత్తా విన్నది.

ఒక్కసారి మాత్రం నా మిషను పక్కన నిలబడి, "ఆ గుడ్డ మూతలు ఇంకా ఉన్నాయేటే?" అని అడిగింది. ఉన్నాయన్నాను. "కుట్టు," అని వెళ్లిపోయింది.

*

మే నెల మధ్యలో, అన్నాలు తిని గల్లీ కునుకు తీస్తున్న వేళ, కొండ మీద చీకటి కమ్మింది. గాలి లేచి బట్టల తాళ్లు తెగ్గొట్టింది. పెద్ద పెద్ద చినుకులు రేకుల మీద టపటపా కొట్టి, మరుక్షణం ఇక చినుకన్నది లేకుండా ధారగా దిగింది.

తలుపులన్నీ తెరుచుకున్నాయి. మొగవాళ్లు లుంగీలు ఎగ్గట్టి నాలా గట్టుకి పరిగెత్తారు. దేముడమ్మ నూనె డబ్బా చంకనెత్తుకుని వచ్చి నిలబడింది. ధనరాజు పైన గ్యారేజీ వెనక డ్రమ్ము మీద చెయ్యేసి మా ఇంటి వైపే చూస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను, గుడ్డ మూతల కట్ట గుండెకి అదుముకుని. అరిచి ఆపొచ్చు. నా గొంతు అందరికీ వినబడుతుంది, అయినా వాళ్లు ఎదురుచూస్తున్నది నా గొంతు కోసం కాదు.

"పోటు నడస్తంది, పాటు తిరగడానికి ఇంకా సేపుంది," అన్నారెవరో. అందరూ తడుస్తూ ఆగారు. నాలా ఎర్రమట్టి నీళ్లతో నిండి పరవళ్లు తొక్కుతోంది.

పాటు తిరిగేదాకా అత్త బయటికి వస్తుందని ఎవరూ అనుకోరు. అలాంటిది ఆవిడ అప్పుడే బయటికొచ్చింది. నడుం మీద పెద్ద డేగిసా. మోకాళ్లు నొప్పులంటూ మంచం దిగని మనిషి అరుగు మెట్లు దిగి, వానలో నిలబడి, చూరు కిందికి డేగిసా తోసింది. తొలి నీళ్లు రేకుల మీది దుమ్ముతో నల్లగా వస్తే కాలితో పక్కకి జరిపి పోనిచ్చింది. నీళ్లు తేటపడ్డాక నా వైపు చెయ్యి చాపింది. నేను గుడ్డ మూత ఇచ్చాను. దాన్ని డేగిసా మూతికి బిగించి, నడుం నిటారు చేసి, రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుంది.

"పట్టండర్రా!"

గల్లీ బిక్కచచ్చిపోయింది.

దేముడమ్మ డబ్బా పట్టుకునే అరిచింది, "ఏటి పిన్నీ, పోటులోనా? ఒగ్గమంతన్నావా, ఏటంతన్నావు?"

"పట్టమంతన్నాను! పట్టడానికి పోటేటి, పాటేటి? బిందెలెట్టండి, డ్రమ్ములెట్టండి, మా పద్దమ్మ కుట్టిన గుడ్డలు కట్టండి!"

"మరి ఈ డబ్బాలేటి సెయ్యాల?"

అత్త నేనెప్పుడూ వినని గొంతుతో, అయినా కొండ మీది దాకా వినబడేలా చెప్పింది.

"ఆటిని నాలాలో ఒగ్గితే నా కొడుకు కంచంలో ఒగ్గినట్టే. నిరుడు నానే ఒగ్గించినాను. ఇంకెవులూ ఒగ్గొద్దు."

దేముడమ్మ డబ్బా వైపు చూసుకుంది. మెల్లిగా మూత పెట్టి, గల్లీ మొగలో ఉన్న పసుపు డ్రమ్ము వైపు నడిచింది. తర్వాత ఇంకొకరు. తర్వాత అందరూ. పైన ధనరాజు డ్రమ్ము మీంచి చెయ్యి తీసి, ఆ చేతిని లుంగీకి తుడుచుకోవడం చూశాను. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, వానలో కాబట్టి సరిపోయింది. వెంటనే కళ్లు తుడుచుకుని గుడ్డ మూతలు పంచడానికి పరిగెత్తాను. ఎవరు మూత ఎలా కట్టాలో, తొలి నీళ్లు ఎందుకు వదలాలో అరుస్తూ గల్లీ ఆ చివర నుంచి ఈ చివరకి తిరిగాను. బిందెలు, బకెట్లు, పాత స్నానాల టబ్బు, ఒకాయనైతే ఐస్‌బాక్సు తెచ్చి చూరు కింద పెట్టాడు.

అంతలో కింద నుంచి నాగబాబు వచ్చాడు. ఖాడీ నుంచి కొండ ఎక్కుతూ పరిగెత్తాడు, కాళ్లకి బురద, చేతిలో పీతలు పట్టే వల. ఊపిరి అందడం లేదు.

"కేక వినపడింది వదినా," అన్నాడు. "అమ్మ కేక. పోటులోనే వేసేసింది. నేను రాకముందే..."

మాట అక్కడి దాకా వినబడలేదు, గొంతు ఒక్కటే వినబడింది అతనికి. నేను అతని భుజం పట్టుకుని నాలా వైపు తిప్పాను. "చూడు," అన్నాను.

అతను గట్టున కూర్చుని నాలాలో చెయ్యి ముంచాడు. ఎర్రమట్టి నీళ్లు వేళ్ల మధ్య నుంచి పోయాయి. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మళ్లీ ముంచి, మళ్లీ చూశాడు. తలెత్తి గల్లీ పొడుగునా చూరుల కింద మోగుతున్న బిందెల్ని చూశాడు, చూసి, వల అక్కడే పారేసి తల్లి దగ్గరికి వెళ్లాడు.

ఆవిడ నిండిన డేగిసా పక్కకి జరపలేక అవస్థపడుతోంది. నాగబాబు వంగి దాన్ని ఎత్తి అరుగు మీద పెట్టాడు. తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"అమ్మా, నాకూ ఒక బిందె ఇయ్యి, పడతాను," అన్నాడు.

మా అత్త కొంగు పిండుకుంటూ, అతను అందుకోబోయిన బిందె లాక్కుంది.

"బిందెలు మొయ్యడానికి మావున్నాం. పీతలొగ్గీసి ఇక్కడేటి సేస్తన్నావు? నీటి జోరుకి దడి ఇప్పుకుపోగలదు, ఎల్లు. ఎల్తా ఎల్తా ఆ డిగ్లీపూరాయనకి రానని సెప్పీ."